అద్దం మీద ఉంగరం చప్పుడు

"ఏరా, పెళ్లయి అయిదు నెలలైనా మత్తు దిగలేదా? కప్పు ఒకచోటుంటే కాఫీ బల్లకి తాగిస్తున్నావు!"

డోన్యా ఎలోయీసా పగలబడి నవ్వింది. కొడుకు మీద విసుర్లు వేయడం ఆవిడకి ఉదయపు ప్రార్థన లాంటిది. మారిబెల్ కూడా సిగ్గుగా నవ్వుతూ గుడ్డముక్క తెచ్చింది. కిటికీ బయట మిల్వాకీ ఊళ్లో ఆ ఏటి మొదటి మంచు... పొయ్యి మీద ఆవిరి కక్కుతున్న మొక్కజొన్న తమాలీలు... పక్కన తన మొగుడు! ఈ చిన్న వంటగదిలో ఇంత సంతోషం ఎలా పట్టిందా అని ఆమెకి రోజూ ఆశ్చర్యమే.

కానీ రొహేలియో నవ్వలేదు. కూజా పట్టుకుని, తల పూర్తిగా ఎడమకి తిప్పి కప్పు కోసం వెతుకుతున్నాడు. కప్పు అతని ఎడమచేతి పక్కనే ఉంది!

మారిబెల్ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది.

గదిలోకి వెళ్లాక తలుపు వేసి అడిగింది. "నిజం చెప్పు. ఆ ఎడమకంటికి ఏమైంది?"

"ఏం కాలేదు."

"రొహే... నా మీద ఒట్టు!"

అతను మంచం మీద కూలబడ్డాడు. పోయిన ఏడాది చివరి ఆటలో బంతి కంటికి తగిలిందట. లోపలి పొర చిరిగిందట. ఆట మానేసి ఆపరేషన్ చేయించుకుంటే మిగిలిన చూపైనా దక్కుతుందని, ఇంకొక్క దెబ్బ తగిలితే అదీ పోతుందని డాక్టరు చెప్పాడట. ఆ మాట తల్లికి తెలియదు, కోచ్‌కి తెలియదు. పెళ్లికూతురికి చెప్పడానికి నోరు రాలేదు.

"ఈ ఒక్క సీజన్, మారీ! హెరన్స్ జట్టు గోల్‌లో పదకొండేళ్లు నిలబడ్డాను. ఒక్కసారైనా ఫైనల్ చూడలేదు. వారమంతా రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకెట్లు కట్టేవాణ్ని... ఆదివారం ఆ మూడు గంటలే కదా నేను! మార్చిలో నేనే డాక్టరు దగ్గరికి వెళ్తాను. నన్ను ఆపకు!"

చదువుకున్న పిల్ల ఆమె. కాదనాలని తెలుసు. కానీ అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా తన ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తుంటే... కాదనలేకపోయింది. తన జీవితంలోకెల్లా పెద్ద తప్పు అక్కడే చేసింది!

ఆ ఉపాయం కూడా ఆమెదే.

హెరన్స్ ఇండోర్ ఫుట్‌బాల్ ఆడేది మంచు హాకీ మైదానంలో. మంచు మీద పచ్చ తివాచీ పరుస్తారు. చుట్టూ నడుమెత్తు చెక్కగోడ, దాని మీద దళసరి అద్దం. బంతి బయటికి పోదు, గోడకి కొట్టుకుని ఎటునుంచి వస్తుందో తెలియకుండా మీదికి వస్తుంది. గోల్ వెనక మొదటి వరుసలో అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా ఉన్న సీటు పదేళ్లుగా డోన్యా ఎలోయీసాది. పెళ్లిరోజున కోడలి చెయ్యి పట్టుకుని, "ఇక ఆ సీటు నీదే తల్లీ, నేను పక్కన కూర్చుంటాను" అంది ఆవిడ. నగ పెట్టినా మారిబెల్ అంత మురిసిపోయేది కాదు!

ఇప్పుడా సీటులో కూర్చుని పెళ్లి ఉంగరంతో అద్దం మీద కొట్టేది. ఎడమగోడ మీంచి బంతి వస్తుంటే రెండుసార్లు. ఎడమనుంచి మనిషి వస్తుంటే ఒక్కసారి. మూడడుగుల దూరంలో ఉన్న అతనికి ఎంత గోలలోనైనా ఆ చప్పుడు వినబడేది. టక్ టక్... అతను ఎగిరేవాడు. బంతి చేతుల్లో ఉండేది!

"కోడలు అడుగుపెట్టిన వేళ! వీడికి కొత్తగా చేతులు మొలిచాయి!" అని డోన్యా ఎలోయీసా చర్చి హాల్లో శుక్రవారం చేపల విందు దగ్గర కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేది.

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి... జట్టు గెలుస్తూనే ఉంది. గెలిచిన ప్రతిసారీ ఇంటికొచ్చే దారిలో కారు ఆపి, ఎముకలు కొరికే ఆ చలిలో ఐస్‌క్రీమ్ తినేవారు ఇద్దరూ. మూతులు గడ్డకట్టి మాటలు నత్తి పడితే విరగబడి నవ్వేవారు. కానీ నవ్వు మధ్యలో ఆమె దొంగచాటుగా అతని కన్నే చూసేది. మొదట్లో మసక అనేవాడు. తరవాత తెర పడుతోంది అన్నాడు. ఆ తరవాత అడిగితే మాట మార్చేవాడు... ఈ గెలుపులన్నీ ఆ కంట్లోంచే తీసుకుంటున్నారు కదా! ఆ తీసుకునేది నా ఉంగరమే కదా!

మార్చి చివరి ఆదివారం. సెమీ ఫైనల్. గెలిస్తే ఫైనల్!

ఆట మూడో భాగంలో బంతి దగ్గరనుంచి వచ్చి అతని ఎడమ చెంపకి తగిలింది. పడిపోయాడు. లేచాడు. గోల్ స్తంభం ఎక్కడుందో కనబడక గాలిలో చేత్తో తడుముకున్నాడు... అయిదువేల మంది లేచి చప్పట్లు కొడుతున్నారు, వీరుడని! స్తంభం చేతికి తగలగానే అతను అద్దం వైపు తిరిగి ఆమెని చూసి నవ్వాడు. రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. కొడుతూ ఉండు!

మారిబెల్‌కి అప్పుడు తెలిసింది. తను కొడుతున్నంతసేపూ అతను అక్కడ నిలబడతాడు. ఇవాళ గెలిస్తే ఫైనల్. ఆ తరవాత ఇంకో సీజన్ అంటాడు. ఆ రెండో కన్ను కూడా పోయేదాకా నిలబడతాడు!

వేలి ఉంగరం తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"ఏంటే ఈ అపశకునం! ఆట మధ్యలో పెళ్లి ఉంగరం తీస్తావా? పెట్టుకో ముందు!"

"మీ దగ్గరుంచండి అత్తయ్యా... నా దగ్గరుంటే కొట్టకుండా ఉండలేను!"

స్కోరు అయిదు-అయిదు. బంతి ఎడమగోడని తాకి వచ్చింది. మారిబెల్ రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది. అతను కదల్లేదు. గోల్! రెండు నిమిషాలకి అటునుంచే ఇంకోటి. అతను బంతిని వదిలేసి భార్య వైపు తిరిగాడు. అయోమయంగా... తప్పిపోయిన పిల్లాడిలా!

కోచ్ డోమ్‌బెక్ ఆట ఆపించాడు. ముసలాయన తన గోల్‌కీపరు ఎడమపక్కకి వచ్చి నీళ్లసీసా అందించబోయాడు. రొహేలియో తీసుకోలేదు. కోచ్ ఇంకా దగ్గరగా, చెంపకి ఆనేంత దగ్గరగా పెట్టాడు. అప్పుడూ తీసుకోలేదు...

డోన్యా ఎలోయీసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దేవుడా... కాఫీ! ఆ రోజు కాఫీ! నేను నవ్వానే... కన్నతల్లినై ఉండి నవ్వానే!"

కోచ్ గోల్‌కీపరు చొక్కా ఇంకొకడికి తొడిగి పంపాడు. రొహేలియో బల్ల మీద కూర్చుని మిగతా ఆట చూశాడు. హెరన్స్ ఓడిపోయారు.

ఓడినా గెలిచినా ఆటయ్యాక తలుపులు తీస్తారు, జనం తివాచీ మీదికి వచ్చి సంతకాలు తీసుకుంటారు. అందరూ వెళ్లేదాకా మారిబెల్ ఆగింది. తివాచీ కిందినుంచి మంచు చలి పాదాల్లోకి ఎక్కుతోంది.

"నువ్వు కొట్టలేదు" అన్నాడతను.

"కొట్టలేదు."

"చేజేతులా నువ్వే నన్ను చంపావు, మారీ!"

ఆమె అతని సంచీ ఎత్తుకుని వెనకే నడిచింది.

ఆపరేషన్ అయింది. పోయిన చూపు రాదని డాక్టరు చెప్పాడు. కంటి మూల గోరంత వెలుతురు మాత్రం మిగిలింది. చెంపకి తగిలిన ఆ బంతి తరవాత ఇంకొక్కటి తగిలి ఉంటే అదీ ఉండేది కాదట. రొహేలియో విన్నాడు. ఏప్రిల్ అంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె కంట్లో చుక్కలు వేసేది, గ్లాసు చేతికి అందించేది, స్నానాలగదిలో కుళాయి తిప్పి నీళ్ల చప్పుడులో ఏడ్చేది.

ఒక ఉదయం కాఫీ దగ్గర డోన్యా ఎలోయీసా ఉంగరం తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "పదేళ్లు ఆ సీట్లో నేను కూర్చున్నానురా. నేనైతే కొట్టేదాన్ని. నువ్వు గెలవాలని కొడుతూనే ఉండేదాన్ని... ఆ పిల్ల నీకంటే గట్టిది. నాకంటే కూడా!" కళ్లు ఒత్తుకుని లేచి వెళ్లిపోయింది.

అతను ఉంగరం తీసుకుని చెయ్యి చాచాడు.

మారిబెల్ తన చెయ్యి ఇచ్చింది. అతను ఉంగరం తొడగబోయాడు. ఒక్క కంటికి దూరం అంచనా అందక వేలికి పక్కనుంచి పోయింది. మళ్లీ ప్రయత్నించాడు. వేలి కొన దాటి గాలిలోకి పోయింది. ఎగిరే బంతిని ఒడిసిపట్టిన చేతులు! కన్నీళ్లు కారుతున్నా ఆమె వేలు ముందుకి జరపలేదు. ఆగింది. మూడోసారి అతను ముందు ఆమె వేలిని తన వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ తరవాత తొడిగాడు.

ఆమె కప్పు నిండా కాఫీ పోసి అతని ఎడమపక్క పెట్టి, ఉంగరంతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది.

అతను తల తిప్పలేదు. చెయ్యి మాత్రం చాచాడు.