మంచి కాలికి పిండికట్టు

పాలు లేని టీకి అలవాటుపడి అప్పటికి నెల దాటింది. ఖైతాన్‌లోని మూడో అంతస్తు వాటాలో ఆ పొద్దున శివపార్వతి మూడు గ్లాసుల్లో టీ పోసింది. మొగుడి గ్లాసులో అర చెంచా చక్కెర ఎక్కువ వేసింది. పెంచల్ అది చూశాడు. కువైట్ మొత్తం ఇరాక్ సైన్యం చేతిలోకి పోయింది, తను పనిచేసే క్లినిక్ మూతపడింది, చేతిలో పని లేదు. అయినా తన గ్లాసులో ఆ అర చెంచా చక్కెర తగ్గలేదు. దేవుడున్నాడని అనుకోవడానికి ఆ రోజుల్లో అతనికి అలాంటివే ఆధారం.

కిటికీ అద్దాలకు అట్టలు అంటించి ఉన్నాయి. వాటి సందులోంచి చూస్తే వీధి మొగలో ఇసుక బస్తాలు, వాటి వెనక తుపాకులతో సైనికులు, ఆ వెనక బడి మైదానం కనిపిస్తాయి.

"ఏమే, వాడు లేసినాడా?" కొడుకు గురించి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎప్పుడో లేసినాడు. మిద్దె మీద గెంతులేస్తాండాడు."

"ఇంత జరుగుతాంటే గెంతులేందే!"

"నన్నడిగితే? నువ్వూ వాడూ మాట్లాడుకోండి. రోటికీ రోకలికీ మజ్జెలో నేను నలగాల్నా?" అంటూ శివపార్వతి టీ గ్లాసు కాస్త గట్టిగానే పెట్టింది.

పెంచల్‌ది రాయచోటి దగ్గర పల్లె. అర్దియాలో ఒక క్లినిక్‌లో, విరిగిన ఎముకలకు పిండికట్లు వేయడం అతని పని. ఒక్కగానొక్క కొడుకు నాగేంద్రప్రసాద్‌కు ఫుట్‌బాల్ ప్రాణం. ఎండాకాలంలో ఇండియాకు వెళ్ళినప్పుడు గోవాలో ఒక క్లబ్బువాళ్ళు వాడి ఆట చూసి, జీతమిచ్చి జట్టులో పెట్టుకుంటామన్నారు. అక్టోబరులో చేరాలి. వాడు ఆ నెల కోసమే బతుకుతున్నట్టు ఉండేవాడు.

పెంచల్‌కు అది గిట్టలేదు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళను అతను చూసింది ఒక్కచోటే, తన బల్ల మీద. మోకాలు తిరిగిపోయినవాళ్ళు, ఎముక చిట్లినవాళ్ళు, ఇక ఆడలేరని డాక్టరు చెబితే గోడవైపు తిరిగి ఏడ్చేవాళ్ళు. అందుకే వాడు బంతి పట్టిన నాటినుంచీ అతనిది ఒకటే మాట: "కాళ్ళు ఇరగ్గొడతా నా కొడకా!"

ఆగస్టు రెండున సైన్యం దిగాక ఆ భయం ఇంకో రూపు కట్టింది. ఒక సాయంత్రం నాగేంద్ర రొట్టెల కోసం వరుసలో నిలబడి ఉంటే, మైదానంలో ఆడుకుంటున్న సైనికుల బంతి కాళ్ళ దగ్గరికొచ్చింది. వాడు ఒక్క తన్ను తన్నాడు. ఆ తన్ను వాళ్ళ కెప్టెన్ చూశాడు. సైనికులు ఆయన్ను నఖీబ్ అంటారు. ప్రతి శుక్రవారం ఆయన దళానికీ ఇంకో దళానికీ పందెం ఆట. మర్నాటి నుంచి నాగేంద్రను ఆటకు పిలవడానికి సాయంత్రం కాగానే తుపాకీ మనిషి మెట్లెక్కి వచ్చేవాడు. బూట్ల చప్పుడు మొదటి అంతస్తులో మొదలై మూడో అంతస్తు చేరేదాకా పెంచల్ ఊపిరి బిగబట్టి కూచునేవాడు. కొడుకు తిరిగొచ్చేదాకా అలాగే ఉండేవాడు.

తలుపు మీద రెండుసార్లు మెల్లగా తట్టారు. కింద వాటాలో ఉండే టాక్సీ డ్రైవర్ మహమ్మద్ గౌస్. చెప్పులు చేతబట్టుకుని లోపలికొచ్చాడు.

"అన్నా, బస్సు కుదిరింది! రేపు శుక్రవారం పొద్దున్నే. బాగ్దాద్ మీదుగా జోర్డాన్. ఆడికి పోతే మన విమానాలు ఊరికే ఎక్కించుకుంటాండాయంట. నాలుగు సీట్లు పట్టినా. వదినా, మూటలు కట్టు."

శివపార్వతి గోడకున్న వెంకటేశ్వరుడి పటానికి దండం పెట్టుకుంది. అప్పుడే మిద్దె దిగి వచ్చిన నాగేంద్ర గడప దగ్గరే ఆగిపోయాడు.

"నేను రాలేను నాయనా."

"ఏంటికి రాలేవు?"

"నిన్న నఖీబ్ చెప్పినాడు. చెక్‌పాయింట్లో నా గుర్తులు చెప్పి పెట్టినాడంట. ఆ ఇండియా పిల్లోడు ఏ బస్సులో ఉన్నా, ఆ బస్సును ఎనక్కి తిప్పమన్నాడంట. ఆట్లు అయిపోయినాక తనే పంపిస్తాడంట."

"యుద్ధమెప్పుడు అయిపోతాదో దేవునికే తెలీదు, ఆట్లు అయిపోయినాకంట!" పెంచల్ గొంతు లేచింది, వెంటనే కిటికీవైపు చూసి తగ్గింది. "ఆడొద్దురా, ఆడొద్దురా అని మొత్తుకుంటి. ఇన్న్యావా? ఇప్పుడు చూడు మమ్మల్ని యాడికి తెచ్చినావో!"

"ఆడకుంటే ఏం తింటాంటిమి? ఇంట్లో పిండి యాడనుంచి వచ్చిందనుకుంటాండావు? వాళ్ళ గోల్‌కీపర్ అబ్బాస్ దొంగతనంగా సంచిలో పోసి పంపిస్తే వచ్చింది."

"ఆ పిండి నా గొంతులో దిగల్యా."

"దిగల్యాదా? మొన్న నాలుగు రొట్టెలు తింటివి గదయ్యా!" అంది శివపార్వతి.

గౌస్‌కు నవ్వొచ్చింది. ఇంకెవరూ నవ్వకపోయేసరికి దగ్గి ఊరుకున్నాడు.

"మీరు పోండి నాయనా. నేను ఎనకాల వస్తా."

"నిన్నిడిసిపెట్టి నేను బస్సెక్కుతానా?" శివపార్వతి నేల మీద కూలబడింది. "నన్నీడ పూడ్చిపెట్టి ఎవురన్నా పోండి."

నాగేంద్ర తల్లి వైపు చూశాడు. తర్వాత కుర్చీ లాగి, దాని మీద కుడి కాలు పెట్టి, ప్యాంటు మోకాలిదాకా మడిచాడు.

"నాయనా, చిన్నప్పట్నుంచి కాళ్ళు ఇరగ్గొడతా, ఇరగ్గొడతా అంటాంటివి గదా. ఇరగ్గొట్టు. కుంటోనితో వాళ్ళకేం పని? ఆ పొద్దే పొమ్మంటారు."

వాడు ఎగతాళికి అనలేదు. వాడి పెదవి వణుకుతోంది. కానీ కాలు వణకడం లేదు. గౌస్ "తోబా, తోబా" అని తల తిప్పుకున్నాడు. అన్నేళ్ళుగా నోటికొచ్చినట్టు అంటూ వచ్చిన మాట అలా కుర్చీ మీద ఎదురుగా నిలబడేసరికి పెంచల్ వంగి వాడి ప్యాంటు మళ్ళీ కిందికి లాగాడు.

"కాలు దించురా," అన్నాడు చివరికి. "ఇరగాల్సిన పని ల్యా. కట్టు కనబడితే సాలు."

గౌస్ కారులో సందుల వెంట అర్దియా వెళ్ళారు. క్లినిక్ తలుపులు లేవు. మంచాలు, ఫ్యాన్లు, ఎక్స్‌రే మిషను, చివరికి కుళాయిలు కూడా ఊడబెరుక్కుపోయారు. పిండికట్టు చుట్టలు మాత్రం నేల మీద బూటు గుర్తులతో పడి ఉన్నాయి. వాటితో ఎవరికీ పని లేకపోయింది. పెంచల్ వాటిని ఒక్కొక్కటే ఏరి, దుమ్ము దులిపి, కళ్ళకద్దుకుని సంచిలో వేసుకున్నాడు.

మధ్యాహ్నం నాగేంద్ర మెట్ల మీదినుంచి పడాలి. ఆ పడడం నలుగురూ చూడాలి.

"నాకు దొంగ ఏడుపు రాదయ్యా," అని శివపార్వతి భయపడింది. తీరా వాడు కేకపెట్టి మెట్లమీద దొర్లేసరికి ఆమె ఏడుపుకు రెండు భవనాల అవతలి నుంచి జనం వచ్చారు. అది దొంగ ఏడుపు కాదు. అన్ని రోజులుగా లోపల దాచుకున్నదంతా అప్పుడు బయటపడింది. గౌస్ వాడిని భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. "పుత్తూరు కట్టైతే మూడు వారాల్లో లేసి పరిగెత్తునే," అని మెట్ల మీద ఎవరో అంటే, "అయితే పుత్తూరునే ఈడికి పిలిపించు పో," అని విసుక్కున్నాడు.

తలుపేసుకుని పెంచల్ పని మొదలుపెట్టాడు. దాచుకున్న బిందెలో నీళ్ళు తీసి, సబ్బుతో కాలు కడిగి, తుడిచి, దూది చుట్టి, తొడదాకా కట్టు వేశాడు. చేతులు వాటంతటవే పనిచేశాయి.

"కాలు సన్నబడతాదా నాయనా?" నాగేంద్ర అడిగాడు.

సన్నబడుతుందని పెంచల్‌కు తెలుసు. ఇరాక్ దాటేదాకా దాన్ని విప్పడానికి లేదని, ఆ దారి ఎన్ని రోజులో ఎవరికీ తెలియదని కూడా తెలుసు.

"ల్యా," అన్నాడు, కొడుకు మొహం చూడకుండా.

ఆ సాయంత్రం పిలవడానికి వచ్చిన తుపాకీ మనిషి తలుపు దగ్గర్నుంచే కట్టు చూసి, నఖీబ్‌కు చెప్పడానికి దిగిపోయాడు. శుక్రవారం పొద్దున బస్సు వీధి మొగలోనే ఆగిపోయింది. నఖీబ్ స్వయంగా ఎక్కాడు. చేతిలో సన్నటి బెత్తం.

"మొన్న గుర్రంలా పరిగెత్తావే! బస్సు వచ్చేవేళకే కాలు విరిగిందా?" అని అరబ్బీలో అంటూ బెత్తంతో కట్టు మీద కొట్టాడు. నాగేంద్ర కెవ్వుమన్నాడు. నఖీబ్ మొహంలో నమ్మకం కనబడలేదు. వెనకున్న సైనికుడి వైపు తిరిగాడు. "అబ్బాస్! వాడి వేళ్ళు చూడు. నిజంగా విరిగిందేమో చెప్పు."

అబ్బాస్ బస్సు నడవలో మోకాళ్ళ మీద కూచున్నాడు. అప్పుడు చూశాడు పెంచల్. కట్టు చివర బయటికున్న ఆ ఐదు వేళ్ళు. వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. ఊరంతా తాగడానికి నీళ్ళు లేక అల్లాడుతుంటే, దుమ్ము పట్టిన మెట్ల మీద పడ్డవాడి వేళ్ళు అప్పుడే స్నానం చేయించిన పసివాడి వేళ్ళలా మెరిసిపోతున్నాయి. కడగకుండా కట్టు కట్టడం అతని చేతులకు తెలియదు. తన చేతులే కొడుకును పట్టిచ్చాయి. పక్కన శివపార్వతి అతని చొక్కా గుప్పిట్లో నలిపేస్తోంది.

అబ్బాస్ బొటనవేలు నొక్కాడు. అది తెల్లబడి, వెంటనే ఎర్రబడింది. తలెత్తి నాగేంద్రను చూశాడు. తర్వాత పెంచల్‌ను చూశాడు. ఆ చూపులో అన్నీ తెలిసిపోయిన మనిషి ఉన్నాడు. మైదానంలో రోజూ ఈ పిల్లాడి బంతులు ఆపిన మనిషి కూడా ఉన్నాడు.

"విరిగింది సయ్యిదీ," అన్నాడు, అరచేత్తో ఆ వేళ్ళను కప్పేసి. "ముక్కలైపోయింది. ఖలాస్. వీడితో ఇక పని లేదు."

నఖీబ్ డ్రైవరు వైపు బెత్తం ఊపి, "యల్లా!" అని విసురుగా దిగిపోయాడు. అబ్బాస్ వెంటనే దిగలేదు. మెడకున్న గుడ్డ తీసి, ఆ వేళ్ళ మీద గట్టిగా చుట్టి ముడివేశాడు.

"చలి తగలకుండా," అన్నాడు.

బయట నిప్పులు చెరిగే ఎండ. ఆ గుడ్డ ఎందుకో పెంచల్‌కు తర్వాతి చెక్‌పాయింట్ దగ్గర తెలిసింది. అక్కడా, ఆ తర్వాత ప్రతి చోటా, వేళ్ళు ఎవరికీ కనబడలేదు.

అది నాలుగైదు రోజుల్లో తెమిలే దారి కాలేదు. సరిహద్దు దగ్గర బస్సులు ఆగిపోయి, ఎడారి డేరాల్లో మూడు వారాలు ఉండాల్సి వచ్చింది. కట్టులోకి ఇసుక పోయి వాడు దురదతో మెలికలు తిరిగేవాడు. శివపార్వతి జడ పిన్ను వంకర తీసి లోపలికి పోనిచ్చి గోకేది. సైనికుడు కనబడితే చాలు, ముగ్గురి ప్రాణాలూ ఆ తెల్లటి కట్టు మీదికే వచ్చేవి.

జోర్డాన్ నేల మీద అడుగుపెట్టిన మధ్యాహ్నం పెంచల్ ఇక ఆగలేదు. అక్కడి శిబిరంలో వంటవాళ్ళ దగ్గర కత్తి అడిగి తెచ్చాడు. పిండి నానడానికి నీళ్ళు కావాలి. శివపార్వతి మారుమాట లేకుండా తాగే నీళ్ళ డబ్బా ఎత్తి కట్టు మీద పోసింది. గౌస్ తన సీసా కూడా ఒంపాడు.

కట్టు చీలి, కాలు బయటికొచ్చింది. తెల్లగా, పొలుసులు లేచి, రెండో కాలితో పోలిస్తే సగమైనట్టుంది. నాగేంద్ర పిక్క చుట్టూ రెండు చేతులూ పెట్టి కొలిచి చూసుకున్నాడు. అదే పెంచల్‌ను కోసేసింది. కొడుకు పాదం తన ఒడిలో పెట్టుకున్నాడు. మడమ మీద చెప్పు తోలులా గట్టిపడిన కాయలు, నల్లబడి ఊడి మళ్ళీ మొలిచిన గోళ్ళు, చీలమండ మీద పాత గాట్లు. రొట్టెలు కాల్చేవాడి చేతుల్లా, రాళ్ళు కొట్టేవాడి చేతుల్లా అది కష్టపడిన పాదం. ఊళ్ళో అందరి కాళ్ళూ చూశాడు తను. ఈ కాలును మాత్రం, కడిగి కట్టు కట్టిన రోజున కూడా, సరిగా చూడలేదు.

"అబద్ధం చెప్పినా అబ్బీ," అన్నాడు, పొలుసులు తుడుస్తూ. "సన్నబడతాదని నాకు తెలుసు."

"నాకూ తెలుసు నాయనా," అన్నాడు నాగేంద్ర. "నీకు అబద్ధం చెప్పేది రాదు."

బొంబాయిలో విమానం దిగాక గౌస్ కడప రైలు కోసం బయలుదేరుతుంటే పెంచల్ భార్య మూట అతనికి అందించాడు.

"మీ వదినను ఊరు చేర్చు తమ్ముడూ. నేనూ వీడూ గోవాకు పోతాం."

శివపార్వతి మొగుడి వైపు వింతగా చూసింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, "వానికి పొద్దున్నే టీ కావాల. మర్చిపోవాకు," అంది.

గోవాలో కోచ్ పెద్దాయన. నాగేంద్రను మైదానంలో పది అడుగులు నడిపించి, కాలు చూసి, తల అడ్డంగా ఊపాడు. ఈ ఏడాదికి కష్టమన్నాడు. ఆ మాట తండ్రితో చెప్పాడు, కొడుకు కళ్ళలోకి చూడలేక.

పెంచల్ రెండు చేతులూ జోడించాడు. రాని హిందీలో, మధ్యలో తెలుగులో చెప్పుకుపోయాడు.

"సార్, ఇది ఆటలో పోయిన కాలు కాదు. ఎముక గట్టిగానే ఉంది. నా బిడ్డను దక్కించుకోడానికి నేనే కట్టేసినా. నాకు రెండు నెలలియ్యండి. దినామూ నేనే పిసుకుతా, నేనే నడిపిస్తా, వానెంట నేనే పరిగెత్తుతా. అప్పటికీ పనికిరాదంటే మేమే పోతాం. నాకు ఇంకే పనీ రాదు సార్. ఈ పని వచ్చు."

కోచ్ ఆ జోడించిన చేతుల వైపు చూశాడు.

"ఎక్కడ ఉంటారు?" అన్నాడు.

పెంచల్ చుట్టూ చూశాడు. "ఆ గోడ పక్కన సార్."

ఆయన మైదానం కాపలాదారును కేకేశాడు. మెట్ల గ్యాలరీ కింద, నెట్లు పెట్టే గది ఖాళీ చేయించమన్నాడు. ఇద్దరికీ పడక కూడా వేయించమన్నాడు.

బెత్తం కింద గానీ ఎడారిలో గానీ ఏడవని నాగేంద్ర, ఆ గదిలోకి రాగానే మొహం రెండు చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పెంచల్ తలుపు దగ్గరికి వేసి, వాడికెదురుగా నేల మీద కూచున్నాడు. తన చెంపలు కూడా తడిగానే ఉన్నాయి. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఏడ్చింది సాలు నాయనా," అన్నాడు. "కాలు చాపు."