నలభై ఏళ్ల వైన్

“రేపు మధ్యాహ్నం విందులో రాకెట్ ఇంజనీరును లేపేస్తారు. నువ్వు సర్వర్‌వి,” అన్నాడు చీఫ్, పళ్లు కుట్టుకుంటూ.

ఏజెంట్ నైన్‌కి విషాన్ని పసిగట్టే ఉంగరం ఇచ్చారు. శత్రుముఠాలో మన మనిషి ఒకామె ఉందని, ఇంజనీరు మరదలేనని, ప్రమాదమైతే “వాన వచ్చేలా ఉంది” అంటుందని, అప్పుడామెను కాపాడాలనీ చెప్పారు.

మర్నాడు నైన్ తెల్లకోటు, అతికించిన మీసంతో ఇంజనీరు ఇంట్లో తేలాడు. రాకెట్ గురి తప్పకుండా ఎగిరినందుకు ఆ విందు. మరదలు ఎర్ర గౌనులో వచ్చి బావకి నలభై ఏళ్ల వైన్ సీసా కానుకిచ్చింది. చెల్లెల్ని చూసి ఇంజనీరు భార్య మురిసిపోయింది.

ఉంగరం రంగు మారలేదు. అంత హంగామా చేసి ఇచ్చిన ఉంగరం మొద్దులా కూర్చుంది! కానీ పాత కేసులో నెల్లాళ్లు ఒక ముసలి సర్వర్ దగ్గర తిట్లు తిని నేర్చుకున్న పని వేరే మాట చెప్పింది. అన్నేళ్ల బిరడా కార్క్‌స్క్రూ మర దించగానే పొడిపొడి కావాలి. ఇది ఠక్కున ఊడొచ్చింది. సీసా వెనక కొవ్వొత్తి పెట్టి జగ్గులోకి వంచితే, పాత వైన్‌కుండే మడ్డి అడుగున పిసరంత లేదు. ఎవరో నిన్నో మొన్నో నింపి బిగించారు.

సీసా తెచ్చినవాళ్లే ముందు రుచి చూడటం ఆ బల్ల దగ్గర పద్ధతి. నైన్ మరదలి గ్లాసులో గుక్కెడు పోశాడు. తలనొప్పిగా ఉందంది. అయితే నీ వంతూ నాదేనంటూ ఇంజనీరు గ్లాసు లాక్కున్నాడు.

నైన్ ఆగాడు. వద్దని ఆమె ఒక్క మాట అంటే చాలు, అప్రూవర్‌గా రాయించి బతికించేవాడు.

“కానివ్వు బావా,” అంది ఆమె, నవ్వుతూ.

గ్లాసు పెదవికి తగిలింది. నైన్ ట్రేతో గ్లాసుకి ఒక్కటిచ్చాడు. బల్లగుడ్డంతా ఎర్రబడింది.

“నలభై ఏళ్ల వైన్‌రా వెధవా,” అని లేచాడు ఇంజనీరు.

“నిన్నటిది సార్. అందులో విషముంది.” నైన్ బిరడా చూపించాడు. “మీ మరదలు రెండువైపులా పనిచేస్తోంది. ఇవాళ వాళ్ల డ్యూటీలో ఉంది.”

తలుపు దగ్గరి గార్డులొచ్చి రెక్కలు పట్టుకోగానే ఆమె నైన్ వైపు తిరిగింది.

“వాన వచ్చేలా ఉంది.”

“ఎండ పేలిపోతోంది మేడమ్,” అన్నాడు నైన్.

ఆమెను తీసుకెళ్లాక ఇంజనీరు కుర్చీలో కూలబడి మంచినీళ్లడిగాడు. భార్య ఏడుస్తూనే తెచ్చి అందించింది. ఆయన నీళ్లకేసి చాలాసేపు చూసి, గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

“ముందు నువ్వు తాగు.”

ఆవిడ తాగింది.

ఇంజనీరు ప్రాణం దక్కింది. కాపురం సంగతి చీఫ్ ఇచ్చిన ఫైల్లో లేదు.