క్యూలో ఆగిన మెయిళ్లు

దరఖాస్తులో నేనొక అబద్ధం రాశాను. 'మెయిల్ సర్వర్ నిర్వహణ తెలుసు' అని. తెలీదు. పెనుకొండలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఆరేళ్లు ఫారాలు నింపాను, అంతే. ఆ సెంటర్ మూతబడింది. హిందూపురంలో కార్ల విడిభాగాలు చేసే కంపెనీ పిలిస్తే రాత పరీక్ష ఎట్లాగో గట్టెక్కాను. సోమవారం ప్రాక్టికల్. రెండు గంటల్లో ఖాళీ కంప్యూటర్‌ని మెయిల్ సర్వర్‌గా మార్చి చూపించాలి. ఉద్యోగం ఒకటి. మిగిలింది ఇద్దరం. రెండోవాడు ధర్మవరం అబ్బాయి, ఉదయ్ కుమార్.

శుక్రవారం అతనే ఫోన్ చేశాడు.

"మంజులతక్కా, మా ఓనర్ అంగట్లో పాత సర్వరుండాది. రేపు రా, నేర్పిస్తా."

"నాకు నేర్పిస్తే నీకేం లాభమప్పా?"

"నేనూ చూసుకోవాల. ఆడ ఒక్కన్నే కూచోలేనక్కా" అన్నాడు.

పోటీకి నిలబడినవాడు పాఠం చెబుతానంటే ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు. కానీ చేతిలో రెండే దినాలు. శనివారం పొద్దున రైలెక్కాను.

కుమారస్వామి అనే ఆయన పట్టుచీరల అంగడి అది. ఇంటిల్లిపాదీ బెంగళూరులో పెళ్లికి పోయారట, అంగడి మూసి ఉంది. కింద వాచ్‌మన్ సుంకప్ప తాత ఒక్కడే. నా ఫోన్ ఆయన దగ్గరే చార్జింగ్‌కి పెట్టి పైకెక్కాను.

మేడ మీద చివరి గది. ఒకప్పుడు పట్టునూలు దాచే గదట, కిటికీ లేదు. తలుపుకు బదులు ఇనుప షట్టర్. మూలన సర్వర్, దాని పక్కన కరెంటు పోతే నడిపే బ్యాటరీ. కొత్త చీరల గంజి వాసన. దాని అడుగున ఇంకేదో... కాలి ఆరిన ప్లాస్టిక్ లాంటిది. గోడకు అవతల పక్కింట్లో మరమగ్గం ఆడుతోంది. టక్... టక్.

ఉదయ్ లోపలికి రాలేదు. షట్టర్ బయట స్టూలు వేసుకుని అక్కడి నుంచే చెప్పాడు.

"లోపల ఉక్కక్కా."

లోపల ఫ్యాన్ తిరుగుతోంది. ఎండంతా అతని నెత్తినే ఉంది. ఈ సంగతి గమనించి ఊరుకున్నాను.

చెప్పడం మాత్రం బాగా చెప్పాడు. "సర్వరంటే పోస్టాఫీసు అనుకో. ఉత్తరం వస్తాది, చిరునామా చూస్తాది, పంపిస్తాది. దారి లేకపోతే సంచిలో పెట్టుకోనుంటాది. ఆ సంచినే క్యూ అంటారు. పరీక్షలో క్యూ చూపించమని అడుగుతారు, మర్చిపోవద్దు." నెట్ వైరు పీకేసి ఉంది. నేర్చుకునేటప్పుడు మెయిళ్లు బయటికి పోకూడదన్నాడు.

పన్నెండున్నరకు నేను పెట్టిన సర్వర్‌లో ఒక పేరు నుంచి ఇంకో పేరుకు మెయిల్ పోయింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఒంటిగంటకు "ఉగ్గాని, బజ్జీ తెస్తా" అని ఉదయ్ లేచాడు. మెట్లు దిగడం, బండి స్టార్ట్ కావడం విన్నాను.

ఊరికే కూర్చోవడమెందుకని బయటి చిరునామాకు ఒక మెయిల్ కొట్టాను. పోదు కదా, క్యూలో కనిపించాలి. చూశాను. రెండున్నాయి.

రెండోది పుష్పావతి పేరు మీద ఉంది.

మేము పెట్టిన పేర్లు రెండే, నాదీ ఉదయ్‌దీ. ఇదెవరో? తెరిచాను. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు.

'కుమారస్వామి సార్, షట్టర్ ఏసేసినారు. నేను లోపలే ఉండా. తాళం తీయండి.'

పంపిన టైము ఒంటిగంటా పన్నెండు. గడియారం చూశాను. ఒంటిగంటా పదమూడు.

ఇది ఉదయ్ పనే అనుకున్నాను. నన్ను బెదరగొట్టి సోమవారం రాకుండా చేసే ఎత్తు. అందుకే గదిలో కాలు పెట్టలేదు, అందుకే సమయానికి బజ్జీలు గుర్తొచ్చాయి. ఒళ్లు మండింది. మెయిళ్లు వాటంతటవే పోయేలా ఎక్కడైనా ఏర్పాటు చేశాడేమోనని వెతికాను. ఏమీ లేదు. మళ్లీ క్యూ చూశాను. నాలుగు.

'సార్, బ్యాటరీ కాడ పొగ వస్తాండాది.'

'ఉదయ్, తాళం ఏసింది నువ్వే కదా. ఆటలు చాలు. తీయప్పా.'

ఏ మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో సర్వర్ రాసి పెట్టుకుంటుందని పొద్దునే నేర్చుకున్నాను. ఆ రాత తెరిచాను. నాలుగూ ఒకే చోటి నుంచి వచ్చాయి. ఇదే కంప్యూటర్. ఇదే కీబోర్డు.

నా చేతులు ఒళ్లో ఉన్నాయి. క్యూలో ఐదయ్యాయి.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మగ్గం కూడా ఆగింది. బ్యాటరీ మీద స్క్రీన్ ఒక్కటే వెలుగుతోంది.

వెనక షట్టర్ గడగడా దిగింది.

పరుగెత్తాను. ఎత్తబోయాను. కదల్లేదు. బయట తాళం పడిన చప్పుడు... స్పష్టంగా.

"ఉదయ్... తీయప్పా."

ఆ మాట ఇంతకు ముందే చదివానని అప్పుడు తట్టింది.

వాసన పెరిగింది. ప్లాస్టిక్ కాలే వాసన. దగ్గు. కళ్లలో నీళ్లు. షట్టర్ బాదాను. "తాతా" అని అరిచాను. కేక గదిలోనే తిరిగింది. నేల మీద పడి షట్టర్ అడుగున సందు దగ్గర నోరు పెట్టాను. అంగుళం కూడా లేదు. సన్నగా గాలి వచ్చింది.

చెవి పక్కనే... గుసగుసగా...

"కొంచెం జరుగక్కా. నాకూ గాలి కావాల."

నేను జరిగాను. ఎందుకు జరిగానో తెలీదు. మోచేతికి ఎవరిదో వేడి ఒళ్లు తగిలింది. పక్కనెవరో ఊపిరి తీసుకున్నారు... చాలాసేపు... ఆగి ఆగి...

షట్టర్ లేచింది. ఎండ. సుంకప్ప తాత చేతిలో తాళంచెవి.

"ఎవరేసినారమ్మా ఇది?"

"ఉదయ్..."

"ఆయప్ప ఒంటిగంటకే బండేసుకోని పాయ. నేను మెట్ల కాడనే ఉండా. ఎవురూ ఎక్కలా."

వెనక్కి చూశాను. పొగ లేదు. తాత పోయి బ్యాటరీ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉందన్నాడు. స్క్రీన్ మీద క్యూలో ఒకటే మెయిల్. నాది.

మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. పుష్పావతి ఎవరని అడిగాను.

"బుక్కపట్నం పిల్ల. మెయిళ్లు చూసుకుంటాండె. మూడేండ్లాయ. శనివారం మధ్యాన్నం అందరూ పోయినంక లోపల ఉండిపోయింది. నెట్ లేదంట ఆ పొద్దు. సోమవారం శవాన్ని తీసినాము."

"తాళం ఎవరేసినారు?"

"అది పోలీసోళ్లే తేల్చల్యా. నాకెట్ల తెలుస్తాదమ్మా?" అన్నాడు. నా మొహం మాత్రం చూడలేదు.

మూడు దాకా చూశాను. ఉదయ్ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పోలీసులకు చెప్పాలనిపించింది. చూపించడానికి ఏముంది? ఆదివారమంతా మా ఇంటి వసారాలో కూర్చుని సాధన చేశాను. గదిలో కూర్చోలేకపోయాను.

సోమవారం గంటా నలభై నిమిషాల్లో సర్వర్ పెట్టి చూపించాను. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. ఉద్యోగం నాకే ఇచ్చారు. సంతోషపడదామని చూశాను, కాలేదు.

మంగళవారం ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. "నేను వెంకటసుబ్బమ్మను, ఉదయ్ వాళ్లమ్మను. శనివారం నువ్వు వాని జతలో ఉంటివంట కదమ్మా?"

"ఒంటిగంట దాకా ఉన్నానమ్మా. తర్వాత తిండి తెస్తానని పోయినాడు. ఎట్లుండాడు?"

"శనివారం నుంచి మాట్లాడల్యా. వాడు ఒంటిగంటంబావుకే ఇల్లు చేరినాడు. అన్నం పెట్టించుకున్నాడు. నేను చూస్తాండంగానే మంచం మీద పండుకున్నాడు. లేపితే..." ఆమె గొంతు తగ్గించింది. "పది గోర్లూ ఊడిపోయినాయమ్మా. వేళ్ల నిండా ఇనుప రేకు పెయింటు. మా ఇంట్లో ఇనుప తలుపే లేదు. వాడు యాడ గీరినాడో నీకేమన్నా తెలుసా?"