మగ్గాలు ఆగిన రోజు పోయిన గిటారు

అమావాస్య. మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు.

గద్వాల టౌన్ పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది.

"మా నాన్న గిటారు పోయింది" అంది అవతల ఒక ఆడగొంతు. "పెట్టె ఉంది. లోపల గిటారు లేదు."

ఏఎస్ఐ కాశమ్మ టైం రాసుకుంది. ఆమెకు అరవై నిండాయి. రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. భర్త పోయాక పోలీస్ క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటోంది. పండగకు ఎవరు సెలవు అడిగినా వాళ్ళ డ్యూటీ కూడా ఆమే తీసుకుంటుంది.

ఒంటి గంటకు ఆమె చేనేత వాడలో దిగింది.

వాడంతా నిశ్శబ్దం. ఎప్పుడు వచ్చినా ఇంటింటా మగ్గాల చప్పుడు వినిపించేది. ఇవాళ ఒక్కటీ లేదు.

"ఏంది, అందరూ ఊరిడిచి పోయిండ్రా?"

"అమావాస్య మేడం" అన్నాడు వెంట వచ్చిన కానిస్టేబుల్ మల్లేశ్. "ఇయ్యాల మగ్గం ముట్టరు."

ఫోన్ చేసిన అమ్మాయి గడపలో నిలబడి ఉంది. పేరు సుష్మిత. ముప్ఫై మూడేళ్ళు. మహబూబ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఆమె తండ్రి వెంకట్రాములు పగలు చీరలు నేసేవాడు, రాత్రిళ్ళు ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఐదు రోజుల కింద గుండె ఆగి పోయాడు.

ముందుగదిలో రెండు గుంత మగ్గాలు, నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసేవి. ఒకదాని మీద తెల్లటి బట్ట కప్పి ఉంది.

"అది నాన్నది" అంది సుష్మిత. "పదకొండో దినం దాకా ఎవరూ ముట్టరు."

లోపలి గదిలో మంచం. మంచం మీద నల్లటి గిటారు పెట్టె. మూత తెరిచి ఉంది.

"చివరిసారి ఎప్పుడు చూసినవు?"

"పదిన్నరకు. వనపర్తి నుంచి అంజయ్య కాక వచ్చిండు. నాన్నతోని ఆర్కెస్ట్రాల ఉండె. గిటారు ఒళ్ళె పెట్టుకోని మస్తు ఏడ్చిండు."

"తర్వాత?"

"పదకొండుకు నేను డెత్ సర్టిఫికెట్ కోసం పోయిన. కాక కూడా నాతోనే బయటికొచ్చిండు. పన్నెండున్నరకు నేనొచ్చి చూస్తే పెట్టె ఖాళీ."

"ఇంట్ల ఎవరున్నరు?"

"మా అత్త. నాన్నకు అక్క."

అత్త బాలనాగమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ళుంటాయి. వేళ్ళ చివర్లు పట్టుదారాలకు అరిగి నున్నగా ఉన్నాయి.

"నేను ఎనక బట్టలు పిండుతున్న మేడం. తలుపు తీసే ఉండె. ఎవరొచ్చిండ్రో తెల్వదు."

సుష్మిత ఫోన్‌లో ఫొటో చూపించింది. ఎర్రటి కర్ర. పొట్ట మీద రెండు వంపు చీలికలు. ఎలక్ట్రిక్ గిటారే కానీ, లోపలంతా డొల్ల. అరవై ఏళ్ళ కింద జపాన్‌లో చేసింది.

"ఇసుంటిది ఇప్పుడు యాడ దొరకదంట. వనపర్తిల మ్యూజిక్ షాపు రాజ్‌కుమార్ రెండేండ్ల సంది దీని కోసం తిరుగుతుండు. నాన్న పోయిన మూడోనాడే మళ్ళ ఫోన్ చేసిండు."

"అమ్ముదమనుకున్నవా?"

"లేదు." సుష్మిత గొంతు తగ్గింది. "మా అమ్మకియ్యాలె."

తల్లి చంద్రకళ ఆ ఆర్కెస్ట్రాలోనే పాడేది. సుష్మితకు ఏడేళ్ళప్పుడు ఇల్లు విడిచి వెళ్ళింది. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటోంది. ఈ ఇరవై ఆరేళ్ళలో తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

"దవాఖానల అత్త ముందరే నాన్న చెప్పిండు, పదకొండో దినం లోపల నీ చేత్తోని అమ్మకియ్యి అని. ఉత్త చేతులతోని ఏమని పోవాలె మేడం? పోవడానికి నాకున్నది అదొక్కటే."

కాశమ్మ మంచం కింద టార్చి వేసింది. గోడ మూలన చిన్న నల్ల చెక్కముక్క. జానెడు కన్నా తక్కువ. పైన ఆరు సన్నటి గాట్లు. పక్కల రెండు ఇత్తడి మరలు.

"ఇదేంది?"

సుష్మితకు తెలియదు. బాలనాగమ్మ చెయ్యి చాపింది.

"మగ్గం సామాను ఉంటది. ఇటియ్యుండ్రి."

కాశమ్మ ఇవ్వలేదు. కవరులో వేసింది. పంచనామాలో మల్లేశ్ 'చెక్కముక్క - ఒకటి' అని రాశాడు. ఇల్లంతా వెతికారు. అటక, పెరడు, బీరువా. తెల్లబట్ట కప్పిన మగ్గాన్ని మాత్రం దండం పెట్టి వదిలేశారు.

పక్కింటి పెంటమ్మ గోడ పక్కనుంచి పిలిచింది.

"మేడం, నేను విన్న. ఆ గిటారు ఏడ్చింది."

"ఎన్ని గంటలకు?"

"పదకొండుంబావు, ఇరవై అయితుండె. టీవీల సీరియల్ అయిపోలే ఇంక. సన్నగ మొదలై, కిందికి కిందికి దిగి, ఆగింది. మళ్ళ ఇంకోసారి. గట్ల ఐదారు సార్లు. మగ్గాలు బందున్నయి గదా, గోడ అవతలికి సాఫ్‌గ వినొచ్చింది. నేను ఎంకట్రాములే వచ్చిండనుకోని తలుపేసుకున్న."

"చచ్చినోడు వచ్చి గిటారు ఎత్కపోయిండా?"

"నవ్వకుండ్రి మేడం. మీకైతే తుపాకి ఉన్నది."

మరునాడు ఉదయం ఎనిమిదింటికి కాశమ్మ వనపర్తి బస్సెక్కింది. పక్క సీటులో సంచి పెట్టుకుంది. బీచుపల్లి వంతెన దాటేదాకా ఆ సీటు ఎవరూ అడగలేదు.

రాజ్‌కుమార్ షాపులో గోడ నిండా కొత్త గిటార్లు. మనిషికి నలభై ఏళ్ళు. నోరు చురుకు.

"నిన్న గద్వాల వచ్చినవా?"

"వచ్చిన. కోట దగ్గర చాయ్ తాగిన. సావింట్ల బేరం మాట్లాడబుద్ధి కాలే. వాపస్ వచ్చిన."

"ఎవరు నమ్ముతరు?"

"నా పెండ్లామే నమ్మలే." నవ్వి, అంతలోనే ముందుకు వంగాడు. "పెట్టె ఉందా మేడం? దాంతోపాటు వచ్చిందేనా?"

"ఉంటే?"

"ఉంటే దొంగెవడో పిచ్చోడు. పెట్టెతో కలిపితేనే దానికి ధర. అసుంటి గిటారును ఉత్తగ చేత్ల పట్టుకోని బజారుల పోతరా?"

కాశమ్మ ఆ మాట రాసుకుంది.

అంజయ్యది ఒంటిగది. స్టవ్వు మీద ఒక్కడికి సరిపడా అన్నం. ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించిన మనిషి ఇప్పుడు ఒక గోదాముకు కాపలా ఉంటున్నాడు.

"పదకొండుకు బయటపడి యాడికి పోయినవు?"

"బస్టాండుకు. టికెట్ పారేసిన మేడం. నన్ను ఎవరు చూసిండ్రంటే ఏం చెప్త? నన్ను ఎవరూ చూడక శాన దినాలైంది."

కాశమ్మ కవరు తీసి చెక్కముక్కను అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఇది యాడ దొరికింది?"

"ఏంది ఇది?"

"బ్రిడ్జి. తీగలు దీని మీదికెళ్ళే పోతయి. డొల్ల గిటారు గదా, దీన్ని అతికించరు, మేకు కొట్టరు. తీగల బిగువే దీన్ని నిలబెడ్తది."

"బిగువు పోతే?"

"పడిపోతది. అందుకే తీగలు మార్చాలంటే ఒకటి తీసి ఒకటేస్తం. ఆరూ ఒక్కసారి వదిలేటోడు మా లైన్‌ల ఉండడు. మొదటి దినమే వెంకట్రాములు నా నెత్తి మీద మొట్టి చెప్పిండు."

"ఎత్కపోయెటోడు తీగలెందుకు వదులుతడు?"

"అదే నాకూ సమజైతలేదు మేడం."

వెంకట్రాములు పోయిన ఎనిమిదో రోజు నాగర్‌కర్నూల్. బస్టాండు వెనక సందులో చిన్న టిఫిన్ సెంటర్. ఉదయం పదకొండు దాటింది. గిరాకీ లేదు. చంద్రకళ పెనం కడుగుతోంది. గొంతు బొంగురుగా ఉంది.

"మట్టి చేసినంక అంజయ్య ఫోన్ చేసిండు. అంతకుముందు చెప్పెటోళ్ళెవరు నాకు?"

"గిటారు మీకియ్యమన్నడంట."

"నాకెందుకు మేడం? పాట పోయి పదేండ్లైంది." పెనం ఆరబెట్టింది. "బిడ్డ వస్తదా?"

"మీరెందుకు పోలే?"

చంద్రకళ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మూడు సార్లు పోయిన. మూడు సార్లూ బిడ్డ మేనత్తే వాకిట్ల నిలబడింది. పిల్ల పండుకుంది అన్నది. ఒకసారి పొద్దున పదకొండుకు పోయిన. పొద్దున పదకొండుకు ఏ పిల్ల పండుకుంటది మేడం?"

"సుష్మితకు తెలుసా?"

"ఎవరు చెప్తరు? పాట కోసం ఇడిచిపోయింది నేను. తప్పు నాదే. పెంచింది ఆమె. నేనేం అడగాలె?"

కాశమ్మ ఇడ్లీ తింది. చంద్రకళ డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రం ఐదున్నరకు కాశమ్మ మళ్ళీ చేనేత వాడకు వచ్చింది. మగ్గాలు చప్పుడు చేస్తున్నాయి. పెంటమ్మ మాత్రం మగ్గం నుంచి లేచి దారాల బిగువు తగ్గిస్తోంది.

"అప్పుడే ఆపినవా?"

"రేపు మల్దకల్‌ల మా చెల్లె మనుమరాలి ఫంక్షన్. రెండు దినాలు రాను."

"వదులు చేస్తున్నవెందుకు?"

"గుంజిపెట్టి పోతె పడుగు తెగుతది మేడం. మగ్గం ఆగుతదంటే చేతులు వాటంతట అవే వదులు చేస్తయి. మేం చూడను కూడా చూడం."

కాశమ్మ కవరు తీసింది. "ఇది మగ్గం సామానేనా?"

పెంటమ్మ ఒక్క చూపు చూసింది. "ఛీ. మగ్గానికి ఇసుంటిది యాడుంటది?"

తొమ్మిదో రోజు ఉదయం పదిన్నర. వెంకట్రాములు ఇంట్లో అంజయ్య, రాజ్‌కుమార్, సుష్మిత, బాలనాగమ్మ. గుమ్మం దగ్గర మల్లేశ్.

కాశమ్మ నిలబడే మాట్లాడింది.

"రాజ్‌కుమార్ తీసుంటే పెట్టెతో సహా తీసెటోడు. అంజయ్య తీసుంటే ఆరు తీగలూ ఒక్కసారి వదిలెటోడు కాదు. కానీ ఎవరో వదిలిండ్రు. పెంటమ్మ విన్న ఏడుపు అదే. ఒక్కో తీగె వదులవుతుంటే సప్పుడు కిందికి దిగింది. లోపల డొల్ల కాబట్టి కరెంటు లేకున్నా గోడ దాటింది. ఆఖరు తీగెతోని ఈ బ్రిడ్జి ఊడి మంచం కిందికి పోయింది."

"తీగలు వదిలెటోడు వాయించెటోడు కాదు, అమ్మెటోడు కాదు" అన్నాడు అంజయ్య. "మరెవరు?"

"నేసేవాళ్ళు. ఇది ఎన్ని దినాలు ఊకె పడి ఉంటదో తెల్వదు, గుంజిపెడితే తెగుతయి అనుకునేవాళ్ళు. దాచిపెడుతూ కూడా, పాడుకావొద్దనుకున్నవాళ్ళు."

కాశమ్మ బ్రిడ్జిని పైకెత్తి చూపించింది.

"యాభై ఏండ్లు మగ్గం మీద కూసున్న మనిషి, ఈ చెక్కను చూసి మగ్గం సామాను అన్నది. అక్కడే నేను పట్టుకోవాల్సింది. రెండు దినాలు ఊర్లు తిరిగిన."

ఆమె బాలనాగమ్మ వైపు చూడలేదు. తెల్లబట్ట వైపు చూసింది.

"పదకొండో దినం దాకా ఎవరూ ముట్టని జాగ ఈ ఇంట్ల ఒక్కటే. పెట్టె ఆ గుంతల పట్టదు. గిటారు పడ్తది. సుష్మితా, మీ నాయన మగ్గం. నువ్వే తియ్యి."

సుష్మిత బట్ట తొలగించి, మోకాళ్ళ మీద కూర్చుని గుంతలోకి చేతులు చాపింది. మెత్తటి పాతచీరలో చుట్టిన గిటారు పైకి వచ్చింది. తీగలు వేలాడుతున్నాయి. గీత కూడా పడలేదు.

"అత్తా?"

బాలనాగమ్మ కళ్ళు ఎత్తలేదు.

"ఎల్లుండి దినం అయినంక ఏదో ఒకటి చెప్దామనుకున్న. అది లేకుంటే నువ్వు పోవనుకున్న."

"అమ్మ దగ్గరికి పోతే నిన్ను ఇడిచిపెడ్తనా?"

"పోతే తెలుస్తది నీకు. మీ అమ్మ వచ్చింది బిడ్డా. మూడు సార్లొచ్చింది. నేనే ఎల్లగొట్టిన. నువ్వు ఇంట్లనే ఉన్నవు. ఒకసారి నా పక్కలనే కండెలు చుడుతున్నవు. మెల్లగ మాట్లాడి పంపిన, నీకు వినపడొద్దని."

సుష్మిత అత్త వైపు చూసింది. గిటారును పెట్టెలో పెట్టింది. బ్రిడ్జిని కాశమ్మ చేతిలో నుంచి తీసుకుని పక్కన ఉంచింది. మూత మూసింది. రెండు చేతులా పెట్టెను పట్టుకుని గడప దాటింది.

"బస్టాండు దాకా నేనొస్త బిడ్డా" అని అంజయ్య వెనకాలే పరుగెత్తాడు. రాజ్‌కుమార్ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

పదకొండు గంటల ఐదు నిమిషాలు.

"నన్ను స్టేషన్‌కు తోల్కపోతరా మేడం?" అంది బాలనాగమ్మ.

"ఇంట్ల వస్తువు ఇంట్లనే దొరికింది. కేసేముంది?"

మల్లేశ్‌ను జీపు దగ్గరికి పంపి, కాశమ్మ బయలుదేరబోయింది. బయలుదేరలేకపోయింది. క్వార్టర్స్‌లో తన తలుపు తాళం తనే తీసుకోవాలి. ఇక్కడ తలుపు తీసే ఉంది. వెళ్ళి ముసలామె పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కింటి మగ్గం చప్పుడు కూడా ఇవాళ లేదు. ఇంటి ముందు నుంచి ఒక ఆటో పోయింది.

చాలాసేపటికి బాలనాగమ్మ అడిగింది.

"నాగర్‌కర్నూల్‌కు ఎంతసేపు పడ్తది మేడం?"

"మూడు గంటలు."

"పొద్దటి సంది ఏం తినలే అది. బస్సుల తల తిప్పుతది దానికి."

కాశమ్మ ఫోన్ తీసింది. నాలుగు రింగులకు సుష్మిత ఎత్తింది. వెనక బస్సు హారన్, ఎవరో టికెట్ టికెట్ అంటున్న కేక.

"చెప్పండి మేడం."

"నేను కాదు. మీ అత్త అడుగుతుంది. తిన్నవా అని."

అవతల బస్సు గేరు మార్చిన చప్పుడు వచ్చింది. లైను తెగిందేమోనని కాశమ్మ చెవి నుంచి ఫోన్ తీసి చూసింది. తెగలేదు. సెకండ్లు నడుస్తున్నాయి. పదకొండు. పన్నెండు. పదమూడు.

"ఆమె తిన్నదా?" అంది సుష్మిత.

కాశమ్మ ఫోన్‌ను బాలనాగమ్మ చేతిలో పెట్టింది. లేచి, పొయ్యి మీద అన్నం ఉందో లేదో చూడడానికి వంటింట్లోకి వెళ్ళింది.