గురువారం ముహూర్తం

"ఒక్క బొట్టు పెడితే నీ రాకెట్టు ఎగరనంటుందిటే?" అని కనకమహాలక్ష్మి మళ్ళీ మొదలుపెట్టింది.

"దానిమీద పసుపు రేణువు కూడా పడనివ్వరమ్మా. గ్లోవ్స్ లేకుండా మేమే ముట్టుకోం" అంది శ్రీహిత, చట్నీ గిన్నె కడుగుతూ.

"మీ అన్నయ్య కొత్త స్కూటరుకి పూయించలేదూ? రోడ్డుమీద తిరిగేదానికే అంత చేస్తే, ఆకాశంలోకి పోయేదానికి వద్దా?"

తాడేపల్లిగూడెంలో ఆ ఇంట్లో టిఫిన్ల వేళ నుంచీ ఇదే గొడవ. వీధి గదిలో కూర్చున్న పురుషోత్తం వింటూ నవ్వుకుంటున్నారు. చుట్టుపక్కల పెళ్ళి అంటే ముహూర్తం ఆయనే పెట్టాలి. ఇప్పుడు కూతురి కంపెనీ యజమాని కూడా రాకెట్టు ప్రయోగానికి ఆయన చేతే పెట్టించుకున్నాడు, గురువారం ఉదయానికి. పెద్ద విమానం పొట్ట కింద రాకెట్టును తగిలించుకుని సముద్రం మీదికి వెళ్తుంది. మేఘాలు దాటాక వదిలేస్తుంది. రాకెట్టు అక్కడ అంటుకుని చిన్న చిన్న ఉపగ్రహాలను పైకి మోసుకుపోతుంది. వాటిలో ఒకటి కొల్లేరు నీటిని కనిపెట్టి చూస్తుందట. ఆకివీడు చేపల చెరువుల వాళ్ళు ఆయనకి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. విమానంలో కూర్చుని రాకెట్టును వదిలే మీట నొక్కేది శ్రీహితే.

ఆ సంతోషంలో ఆయన ఒక సంగతి చూసీ చూడనట్టు ఊరుకున్నారు. పిల్ల వచ్చిన దగ్గర్నుంచి అన్నం కెలికి లేచిపోతోంది. ఫోన్ మోగితే పెరట్లోకి పోతోంది. తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు ఉండటం లేదు. ఈ ఉదయం ఎండ కూడా రాలేదు. ఆకు కదలని ఉక్క.

ఫోన్ మోగింది. చెల్లెలి చేతులు తడిగా ఉన్నాయని శ్రీరామచంద్ర తీసి స్పీకర్‌లో పెట్టాడు.

"శ్రీహితా, ఆఫీసు నుంచి ఉదయ్ కిరణ్‌ని. వెనక కొక్కెం ఈసారి పరీక్షలో కూడా ఆలస్యంగానే ఊడింది. సారుకి చెబితే 'ముహూర్తం దాటిపోతుంది' అని, కొక్కెం బాగుందని నిన్ను సంతకం పెట్టేయమంటున్నారు. మీ నాన్నగారు పెట్టిందేగా అని..."

శ్రీహిత తడిచేత్తోనే ఫోన్ లాక్కుని కట్టేసింది.

"ఏం కొక్కెం?" పురుషోత్తం గుమ్మంలో నిలబడ్డారు.

"ఏం లేదు నాన్నగారూ."

"నేను అడుగుతున్నానమ్మా."

శ్రీహిత పీటమీద కూలబడింది. "రాకెట్టుని రెండు కొక్కేలు పట్టుకుని ఉంటాయండి. రెండూ ఒకేసారి ఊడాలి. ముందుది ఊడి వెనకది పట్టేస్తే, రాకెట్టు విమానానికి వేలాడుతుంది. నిండా ఇంధనంతో."

"అప్పుడు విమానం?"

"సముద్రంలోకేనండి" అంది ఆమె. కనకమహాలక్ష్మి గోడకి ఆనుకుంది.

"నేను రానని చెప్పెయ్యవే" అన్నాడు అన్న.

"చెప్పాను అన్నయ్యా. నా సీట్లో ఇంకొకళ్ళని పంపిస్తానన్నారు సారు. బాగుచేయడానికి టైం పడుతుందంటే, 'మీ నాన్నగారు పెట్టిన ముహూర్తాన్ని నువ్వే కాదంటావా' అంటారు."

"నాతో ఒక్క మాట అనకపోయావా తల్లీ?"

"మీ ముహూర్తం మార్చమని మిమ్మల్నెలా అడగనండీ? మీరు ఎప్పుడైనా మార్చారా?"

మార్చలేదు. తుఫానులో కైకలూరు దగ్గర పందిరి ఎగిరిపోతే, మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టి తాళి కట్టించారు. ఆ కథ ఆయనే అందరికీ గొప్పగా చెప్పేవారు. అది విని పెరిగిన పిల్ల, చావడానికైనా సిద్ధపడింది గానీ ఆయనతో నోరు విప్పలేదు.

అక్కడే, అందరి ముందే యజమానికి ఫోన్ చేశారు.

"అయ్యా, పురుషోత్తాన్నండీ. గురువారం లగ్నం గణించడంలో నేను పొరపాటు పడ్డాను. అది పనికిరాదు. విమానం లేపకండి. లేదండీ, ఇంకోటి ఇవ్వలేను. కొక్కెం బాగైందని మా అమ్మాయి చెప్పిన రోజే మంచిరోజు అనుకోండి."

ముహూర్తమే చెడ్డదనేసరికి యజమాని చివరికి సరేనన్నాడు.

"మీ లెక్కలో తప్పేం లేదు కదండీ" అన్నాడు శ్రీరామచంద్ర. "రేపు ఆయన నలుగురికీ చెబితే?"

"చెబుతాడు. చెప్పనీ."

శ్రీహిత తండ్రి భుజంమీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ, భార్యనీ కొడుకునీ చూశారు.

"ఒప్పుకున్న పెళ్ళిళ్ళ వాళ్ళకి ఇవాళే కబురు పెట్టు రామం, వేరేవాళ్ళని చూసుకోమని. తప్పు గణించానని నా నోటితో చెప్పుకున్నాక, ఇంకొకళ్ళకి పెట్టకూడదు. కనకం, నువ్వూ విను. ఈ రోజు నుంచి నేను ముహూర్తాలు పెట్టను" అన్నారు నెమ్మదిగా.