పెట్టంగడి తలుపు మీద 'నాళె బా'

మడివాళ మార్కెట్ వెనక సందులో ఒక పెట్టంగడి ఉంది. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన రేకుల పెట్టె, అంతే. ఒకప్పుడు పత్రికలూ బొమ్మల పుస్తకాలూ అమ్మిన అంగడి. యజమాని పెద్దమునియప్ప పోయి పన్నెండేళ్లయింది. సాయంత్రం ఏడు దాటితే దాని పక్కన ఎవరూ బండి ఆపరు. బెంగళూరులో బండి పెట్టుకునే చోటు ఖాళీగా కనిపించిందంటేనే అర్థం చేసుకోవాలి, అక్కడ ఏదో ఉందని.

తలుపుకి బయట తాళం... లోపల పేజీలు తిప్పుతున్న చప్పుడట... ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుందట. పైగా ఆ తలుపు మీద, వెలిసిపోయిన సున్నంతో కన్నడ అక్షరాలు— 'నాళె బా'. అంటే, రేపు రా అని.

ఆ మూడు అక్షరాల సంగతి ఈ ఊళ్లో నలభై దాటినవాళ్లను ఎవరినడిగినా చెబుతారు. అప్పట్లో ఒక ఆడదెయ్యం రాత్రిపూట ఇంటింటికీ వచ్చి, మనవాళ్ల గొంతుతోనే పేరు పెట్టి పిలిచేదట. తలుపు తీశారా, అయిపోయారు! తలుపు మీద 'నాళె బా' అని రాసి ఉంటే మాత్రం చదువుకుని బుద్ధిగా వెళ్లిపోయేదట. దెయ్యమైనా కన్నడం బాగా వచ్చు దానికి.

మోహన్‌కుమార్‌కి ఇలాంటి కథలంటే నవ్వు. పగటిపూట.

వయసు నలభై అయిదు. సర్జాపుర రోడ్డులో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం. పాత బెంగళూరు వీధుల ఫొటోలంటే పిచ్చి. అందరిలా కట్టడాలు చూడడు, మనుషుల్ని చూడడు. ఫొటోలో ఏ మూలైనా పత్రికల అంగడి ఉందా అని వెతుకుతాడు. తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీసిన కామిక్స్‌ని పెద్దవి చేసి, అట్ట మీద బొమ్మనీ నంబరునీ బట్టి ఆ ఫొటో ఏ నెల, ఏ వారం తీసిందో చెప్పేస్తాడు. ఫేస్‌బుక్‌లో ఎవరైనా తప్పు ఏడాది వేశారా, వాళ్లకి ఆ రోజు మూడినట్టే.

ఆ పిచ్చే కొంప ముంచింది.

అన్న మునీంద్ర ఆస్పత్రిలో ఉన్నాడు. తెల్లారితే గుండె ఆపరేషన్. పైకి జోకులు వేస్తున్నాడు గానీ, ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టమంటే కళ్లజోడు లేదంటాడు, పెన్ను బాగలేదంటాడు. వదిన శశికళ బతిమాలి బతిమాలి అలిసిపోయింది. కాస్త మనసు మళ్లుతుంది కదా అని, ఆ వేళే దొరికిన ఫొటో ఒకటి మోహన్‌కుమార్ ఫోనులో చూపించాడు. ముప్పై అయిదేళ్ల కిందటి మడివాళ సందు. పెద్దమునియప్ప పెట్టంగడి. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ కామిక్స్ కొనుక్కున్నది అక్కడే. వచ్చే హడావుడిలో తను దాన్ని పెద్దది చేసి చూసుకోనే లేదు.

మునీంద్ర చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"ఒరే మోహనా... ఇది 'పాతాళ రైలు' ఎనిమిదో భాగం కాదేంరా?"

మోహన్‌కుమార్ ఫోను మీదికి వంగి చూశాడు. అట్ట మీద పొగ కక్కుతున్న ఇంజను. మూలన 8. ఆ బొమ్మల కథకి ఆఖరి భాగం అదే.

"బుక్కు ఇంకా రాలేదంటివి గదరా! నాకు అమ్మవారు పోసి పండుకోనుంటే నిన్ను పంపిస్తి. ఇక్కడ చూడు... తాడుకి వేలాడతా ఉండాది!"

ఇంక దాచేదేముంది? "భయమేసిందన్నా. అంగడి మూసి, తలుపు మీద 'నాళె బా' అని రాసుండె. దెయ్యం అక్కడికి వచ్చిందనుకొని ఒకటే పరుగు. నీకు చెప్తే నవ్వుతావని... రాలేదని చెప్పేస్తి."

మునీంద్ర నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఆ రైలు పాతాళంలో నుంచి బయటికొచ్చిందో లేదో, ముప్పై అయిదేళ్లుగా తెలీదు నాకు. ఆ బుక్కు తెచ్చియ్. అప్పుడు పెడతా సంతకం."

అది తమాషాకి అన్న మాట కాదని వదినకీ తెలిసింది, మరిదికీ తెలిసింది. అన్న భయపడుతున్నాడు. చెప్పుకోలేక ఒక వంక పట్టుకున్నాడు. మోహన్‌కుమార్‌కి ఆ భయం బాగా తెలుసు. పదేళ్లప్పుడు తనూ అలాగే ఒక వంక పట్టుకున్నాడు మరి.

ఆ పుస్తకం ఉంటే గింటే ఆ పెట్టంగడిలోనే ఉండాలి. సందు మొదట్లో ఆటో దిగేసరికి ఎనిమిదిన్నర. దిగిన మరుక్షణం కరెంటు పోయింది. దెయ్యం కథల్లో కరెంటు అప్పుడే పోతుంది, మనం చేసేదేమీ లేదు.

ఫోను వెలుగులో పెట్టంగడి కనిపించింది. తలుపు మీద 'నాళె బా'... తుప్పు పట్టిన తాళం... అంతా అలాగే ఉంది. మోహన్‌కుమార్ పిల్లిలా అడుగులు వేసి, రేకుకి చెవి ఆనించాడు.

సర్ర్... మని పేజీ తిరిగింది.

ఆగింది. మళ్లీ— సర్ర్...

కాళ్లు పరిగెత్తుదామంటున్నాయి. అన్న మొహం వద్దంటోంది. ఆ గుంజులాటలో మోచెయ్యి రేకుకి తగిలి ఠంగుమంది.

"యారు?" లోపలినుంచి సన్నటి గొంతు. కాసేపటికి మళ్లీ... "ఎవరప్పా అది?"

ఏం చెప్పాలో తెలియక, పదేళ్లప్పుడు చెప్పాల్సిన మాటే చెప్పాడు. "పాతాళ రైలు... ఎనిమిదో భాగం..."

లోపల పేజీల చప్పుడు ఆగింది.

"పేరు?"

"మో... మోహన."

లోపల ఏదో గుసగుస. పుస్తకాలు జరుగుతున్న చప్పుడు. తలుపులో కింది పలక కిర్రుమని పక్కకి జరిగింది. ముడతలు పడ్డ చెయ్యి ఒకటి మెల్లగా బయటికొచ్చింది... అందులో ఒక పుస్తకం.

మోహన్‌కుమార్ పెట్టిన కేక ఊరి చివర హెబ్బగోడి దాకా వినిపించి ఉంటుంది.

"అరవద్దప్పా, పక్కింట్లో పిల్లోళ్లకి పరీక్షలు!" కొవ్వొత్తి పట్టుకుని పెట్టంగడి వెనకనుంచి ఒక ముసలామె వచ్చింది. పెద్దమునియప్ప భార్య భాగీరథమ్మ. "తాళం వీధి వైపుకే. వెనకాల మా ఇంటి వాకిట్లోకి తలుపు ఉండాది. ఇంట్లో కోడలు టీవీ పెట్టిందంటే చెవులు పోతాయి. అందుకే పొద్దు గూకినాక ఇట్లొచ్చి కూర్చుంటా."

పోయిన ప్రాణం లేచొచ్చింది. "మరి ఈ రాతేందవ్వా? దెయ్యానికే గదా?"

"దెయ్యమా, పాడా! ఆపొద్దు మా ఆయన పెళ్లికని చింతామణికి పోయినాడు. ఎనిమిదో భాగం అడిగేదానికి పిల్లోళ్లు వస్తారని, నాళె బా అని రాసి పోయినాడు. మర్నాడు వచ్చి చూస్తే, ఊళ్లో దెయ్యం పుకారు మా వీధికీ పాకి అన్ని తలుపుల మీదా అదే రాసుండాది!"

"చెరిపేసుంటే సరిపోయేది గదా!"

"నేనే వద్దంటి. అందరి తలుపుల మీదా ఉండి, మన తలుపు మీద లేకపోతే అది యాడికి వస్తాది? నేరుగా మన దగ్గరికే గదా!" అంటూ బోసినోటితో నవ్వింది. నవ్వుతూనే గొంతు తగ్గించింది. "దెయ్యం రాలేదు. పిల్లోళ్లూ రాలేదు."

పుస్తకం అట్ట మీద మూలన పెన్సిలుతో 'మోహన' అని రాసి ఉంది. వాడుకగా వచ్చేవాళ్లకి పేరు రాసి పక్కన పెట్టడం పెద్దమునియప్ప అలవాటు. ఆ నెలలోనే వీళ్లు హెబ్బగోడికి మారిపోయారు. ఆయన మాత్రం పుస్తకాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. మోహన్‌కుమార్‌కి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇంత చీకట్లో పేరు చూసి ఎట్లా తీసినారవ్వా?"

"నాకు చదువెక్కడిదప్పా? వేలిముద్రదాన్ని." కొవ్వొత్తిని చేత్తో కాచుకుంటూ ఆమె మామూలుగా చెప్పింది. "నేను పేరు చెప్తి, ఆయన తీసిచ్చినాడు. చదివేది కూడా ఆయనే. నేను వినేదానికి వస్తా, అంతే."

ఆటో ఎక్కడ దొరికిందో, ఎంత అడిగాడో మోహన్‌కుమార్‌కి ఇప్పటికీ గుర్తులేదు.

ఆస్పత్రిలో అంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. మునీంద్ర పడీ పడీ నవ్వాడు. కళ్లజోడు దొరికింది, పెన్నూ బాగయింది. సంతకం పెట్టాడు. పుస్తకం మొదలుపెట్టి, ఆఖరి పేజీ ముందు ఆగాడు.

"ఇది ఆపరేషన్ అయినాక. ఒరే, ఒక కాగితం మీద నాళె బా అని రాసి తలుపుకి అంటించు."

"రేపే గదన్నా ఆపరేషను! సరిగ్గా రేపే రమ్మంటావా?"

"పిచ్చోడా, రేపొచ్చి చదివినా 'రేపు రా' అనే ఉంటాది గదరా!"

మోహన్‌కుమార్ మందుల చీటీ వెనక రాసి అంటించాడు. నర్సు అడిగితే, "చుట్టాలు ఎక్కువ సిస్టర్" అన్నాడు.

మరునాడు సాయంత్రం ఒక్కరే లోపలికి రావచ్చన్నారు. "నువ్వే పో" అంది శశికళ. మునీంద్ర నోట్లో గొట్టం, ఒంటి నిండా వైర్లు. కళ్లు మూసుకునే ఉన్నాడు. మోహన్‌కుమార్ ఏం చెయ్యాలో తెలియక మంచం పక్కన నిలబడ్డాడు.

చాలాసేపటికి అన్న చెయ్యి కదిలింది. రెండు వేళ్లు దగ్గరికి చేర్చి, గాల్లో పేజీ తిప్పాడు.

మోహన్‌కుమార్ ఏడుస్తూనే చొక్కాలోనుంచి పుస్తకం తీశాడు. సర్ర్... మని ఆఖరి పేజీ తిప్పాడు.

"బయటికొచ్చేసిందన్నా," అన్నాడు. "రైలు బయటికొచ్చేసింది."