ఇరవై ఏడో పువ్వు

"ఏమండీ, ఈ పువ్వుకి ఈ రంగు ఎవరు పూశారండి? మా మొక్కయితే పూయలేదు!"

రాజమండ్రి దానవాయిపేటలో గున్నేశ్వరరావు గారి డిజిటల్ స్టూడియోలోకి అడుగు పెడుతూనే నిరంజన్ అన్న మొదటి మాట ఇది. ఒక చేతిలో ఆ స్టూడియో వాళ్ళు చేసిచ్చిన మొక్కల కేటలాగు, రెండో చేతిలో గులాబీ కుండీ. బయట వాన. లోపల కంప్యూటర్ ముందు ఇంద్రజ.

ఇంద్రజ గున్నేశ్వరరావు గారి ఒక్కగానొక్క కూతురు. ఫోటోలు దిద్దడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ చెయ్యి తిరిగిందంటే నలభై ఏళ్ళ పెళ్ళికొడుక్కి ముప్పై దాటవు, ముప్పై ఏళ్ళవాడికి మీసం మొలవదు. పేరు ఇంద్రజ, చేసేది ఇంద్రజాలం.

"మెల్లగా చెప్పండి. కుండీ వింటే బెదిరిపోతుంది" అంది తల ఎత్తకుండా.

"తణుకులో పెళ్ళివారు ఈ కేటలాగు చూసి నారింజ రంగు గులాబీలు మూడొందల కుండీలు అడిగారండి. మావి ఇదిగో, లేత పసుపు. లారీ ఎంత హుషారుగా వెళ్ళిందో అంత హుషారుగా వెనక్కొచ్చింది."

ఇంద్రజ ఇప్పుడు తల ఎత్తింది. నిరంజన్ తరువాతి వాక్యం మర్చిపోయాడు.

"మీరు పంపిన ఫోటోలో పువ్వు జబ్బు చేసినట్టు పచ్చగా ఉందండి. నేను ఎరుపు కలిపి బతికించాను."

"పచ్చ అంటే ఏ పచ్చండి? పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

"ఆకుపచ్చే. అసలు ఎక్కడ తీశారు ఆ ఫోటో?"

"మా కడియపులంక నర్సరీలోనండి. నెట్ కింద."

"ఏ రంగు నెట్?"

నిరంజన్ నోరు తెరిచి, అలాగే ఉంచాడు. ఎండ తగలకుండా మొక్కల మీద కట్టే ఆ నెట్ కిందే పుట్టినప్పటి నుంచీ తిరుగుతున్నాడు. దానికి ఒక రంగుందన్న సంగతి ఇప్పటిదాకా తట్టలేదు.

"ఆకుపచ్చండి" అన్నాడు కుండీని మెల్లగా టేబుల్ మీద పెడుతూ.

ఇంద్రజ నవ్వింది. వాన ఒక్కసారి జోరందుకుంది. లేక అతనికలా అనిపించిందో.

"సగం తప్పు మీది, సగం నాది. పువ్వు చూడకుండా రంగు దిద్దాను కదా. కేటలాగులోని ఇరవై ఏడు రకాలూ మళ్ళీ చేద్దాం. సాయంత్రం నాలుగింటికి అరగంట ఖాళీ. రోజుకో పువ్వు పట్టుకు రండి. స్క్రీన్ పక్కన పెట్టి రంగు కలుపుదాం. మీరూ నేర్చుకోండి. ఇంకోసారి కుండీతో నా మీదకి రాకుండా ఉంటారు."

"ఆయ్" అన్నాడు నిరంజన్.

అలా మొదలయింది చదువు.

"ఇది క్రాప్ టూల్. అక్కర్లేని అంచులు కత్తిరిస్తుంది."

"క్రాప్ అంటే మేము పెంచుతామండి."

"మేము తుంచుతాం. ఇవి లేయర్లు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి."

"లేయరింగ్ నాకొచ్చండి! కొమ్మకి బెరడు తీసి, మట్టి కట్టి, వేళ్ళొచ్చాక కోస్తాం. అంటు కట్టడమే కదా?"

"ఇక్కడ ఏదీ అంటుకోదు. కిందది కిందే, మీదది మీదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు విడదీయొచ్చు."

"అంటుకోకపోతే ఏం లాభమండి?"

మౌస్ మీద ఇంద్రజ వేలు ఒక్క క్షణం ఆగింది. "తప్పు చేస్తే కంట్రోల్, జెడ్. వెనక్కి వెళ్ళిపోతుంది" అంది గబగబా.

"మొదటి రోజు నేనన్న మాటలు కూడానా?"

"అవి వెళ్ళవు. సేవ్ చేసుకున్నాను."

కంట్రోల్ ఎక్కడుందో నిరంజన్‌కి ఆ రోజు నుంచే దొరకడం మానేసింది.

పువ్వు పక్కన తెల్లకాగితం పెట్టి ఫోటో తీయడం నేర్చుకున్నాడు. ఏది తెలుపో కంప్యూటర్‌కి చూపిస్తే మిగతా రంగులు వాటంతటవే దారికొస్తాయి. ఇంద్రజ తెలుపు రంగు చున్నీ వేసుకున్న రోజు మాత్రం అతని రంగులేవీ దారికి రాలేదు.

ఆమె కూడా నేర్చుకుంది. వానకి ముందు మందారం ఆకు ఒక ఆకుపచ్చ, వాన వెలిశాక ఇంకో ఆకుపచ్చ అని అతను చెబితే, కళ్ళు చిట్లించి, స్క్రీన్ మీది రంగు మీట అటూ ఇటూ జరిపి, "ఇదా?" అనేది. "ఇంకొంచెం తడి కావాలండి" అనేవాడు. తడికి మీట లేదు. అయినా ఎలాగో తెచ్చేది. స్క్రీన్ వెలుగులో ఆమె ముఖం మీద ఒక రోజు చామంతి వెన్నెల, ఒక రోజు కనకాంబరం సంజె.

తిరిగి వెళ్ళేటప్పుడు కాలవ గట్టు మీద బండి దానంతటదే నెమ్మదించేది. నీళ్ళలో కొబ్బరిచెట్లు తలకిందులుగా ఊగేవి. పడమటి ఆకాశంలో ఎవరో ఎరుపు మీటని ఆఖరిదాకా తోసేసినట్టుండేది. ఎదురొచ్చిన వాళ్ళు పలకరించినా వినిపించేది కాదు. బండి మాత్రం ఇల్లు గుర్తుపెట్టుకుని వెళ్ళేది.

ఒక రోజు ఇంద్రజ తల్లి రాజరాజేశ్వరి గారిని ఎదురింటి పాపాయి గారు వీధిలో ఆపారు.

"ఏమ్మా, రోజూ నాలుగింటికి ఒకబ్బాయి పువ్వు పట్టుకుని వస్తున్నాడు?"

"రంగు కలపడానికి వస్తున్నాడు పిన్నీ."

"నేనూ అదే అంటున్నాను."

ఇరవై పువ్వులయ్యాక నిరంజన్‌కి లెక్క గుర్తొచ్చింది. ఇంకా ఏడు. ఇంకా నాలుగు. ఇంకా రెండు. పువ్వులు అయిపోతే ఆ స్టూడియో మెట్లెక్కడానికి అతనికి కారణం ఉండదు. చెప్పాల్సిన మాట రోజూ దారంతా నోట్లోనే ఉండేది. "రండి, కూర్చోండి" అని ఆమె అనగానే కరిగిపోయేది.

ఇరవై ఏడోది గంధం రంగు ముద్దమందారం. గాజు గ్లాసులో పెట్టి స్క్రీన్ పక్కన నిలబెట్టారు. ఇంద్రజ ఒక్కసారి మీట జరిపింది.

"కుదిరింది" అంది.

నిరంజన్ చూశాడు. నిజంగానే కుదిరింది. ఏది గ్లాసులోదో ఏది స్క్రీన్‌లోదో తేనెటీగ కూడా తేల్చలేదు.

"లేదండి. కొంచెం ఎరుపు తగ్గాలి."

తగ్గించింది.

"ఇప్పుడు కొంచెం పెరగాలి."

పెంచింది.

"నీలం ఏమన్నా..."

ఇంద్రజ మౌస్ వదిలేసి అతని వైపు తిరిగింది.

"నిరంజన్ గారూ, రంగు దగ్గర మీకు అబద్ధం రాదనుకున్నాను."

అతను గ్లాసుని అనవసరంగా ఒక అంగుళం పక్కకి జరిపాడు.

"మొదటిసారే కుదిరింది. మీకూ తెలుసు. ఇరవై ఆరింటికి లేని అనుమానం దీనికెందుకొచ్చింది?"

"ఇది ఆఖరిదండి."

"అయితే?"

"రేపు నాలుగింటికి నేనేం పట్టుకుని రావాలండి?"

ఫ్యాన్ తిరుగుతోంది. మందారం రేక ఒకటి సన్నగా వణికింది. ఇంద్రజ మళ్ళీ మౌస్ అందుకుంది. ఫైల్ సేవ్ చేసింది. లేచి నిలబడింది.

"నాన్నగారూ!" అని పిలిచింది.

నిరంజన్ గుండె బండి లేకుండానే కడియపులంక వెళ్ళిపోయింది.

కర్టెన్ వెనక పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్న గున్నేశ్వరరావు గారు కత్తెరతో సహా వచ్చారు. ఇరవై ఏడు రోజులుగా ఆయన అక్కడే ఉన్నారు. కత్తెర చప్పుడు మధ్యమధ్యలో ఆగడం నిరంజన్ ఏనాడూ గమనించలేదు.

"ఏం బాబూ, అయిపోయిందా కేటలాగు?"

"అయిపో..."

"అవలేదు నాన్నగారూ" అంది ఇంద్రజ. "ఈ ట్యూబ్‌లైటు కింద రంగు తెలియదట. వాళ్ళ తోటకెళ్ళి ఎండలో చూడాలట."

ఆ మాట నిరంజన్ అనలేదు. అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె చెవుల దగ్గర మొదలైన ఎరుపు ఏ మీటతోనూ రాదు.

"ఎవరెవరు వెళ్ళాలి?"

"మీరూ అమ్మా కూడా రావాలి."

గున్నేశ్వరరావు గారు కళ్ళజోడు పైకెత్తి మందారం చూశారు. స్క్రీన్ చూశారు. నలభై ఏళ్ళుగా రంగులతో కాపురం చేస్తున్న కళ్ళు.

"శుభ్రంగా కుదిరిందే..." అంటూ ఇద్దరి ముఖాలూ చూశారు. కళ్ళజోడు దించేశారు. "ఉహుఁ. కుదరలేదు. ఎంత మాత్రం కుదరలేదు. రాజేశ్వరీ, ఆదివారం మనం కడియపులంక వెళ్తున్నాం!"

"ఏ చీర కట్టుకోమంటారు?" స్టూడియో వెనకే ఉన్న ఇంట్లోంచి వెంటనే వచ్చింది జవాబు. ఎక్కడికి, ఎందుకు అని ఆవిడ అడగలేదు.

నిరంజన్ నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంద్రజ గ్లాసులోంచి మందారం తీసి, తడి తుడిచి, జడలో పెట్టుకుంది.

"మీ నాన్నగారికి ఇప్పుడే ఫోన్ చెయ్యి బాబూ" అన్నారు గున్నేశ్వరరావు గారు. "ఎందుకొస్తున్నామో ఉన్నదున్నట్టు చెప్పు. కేటలాగు కోసమని మాత్రం చెప్పకు. ఈ ఇంట్లో ఒక్క పూటకి మూడు అబద్ధాలు చాలు."